లియోకాదియా ఇంటి వేడి మీటరు

మా మెట్లదారి తలుపుకి లోపలివైపు జితా అంటించిన కాగితం మీద పదిహేను ఇళ్ల నంబర్లున్నాయి. పద్నాలుగింటి పక్కన సంతకాలు పడ్డాయి. పదిహేను పక్కన మాత్రం ఖాళీ. ఏప్రిల్ అంతా ఖాళీగానే ఉంది, మే నెలలో పెరట్లో లైలాక్ పూసినా ఖాళీగానే ఉంది. రొట్టెకి వెళ్లేవాళ్లూ చెత్త పారేయబోయేవాళ్లూ ఆ ఖాళీ ముందు ఒక్క క్షణం ఆగి, నోటితో అనలేనిది మూతి విరుపుతో అని, తలుపు తోసుకుని పోయేవారు.

పదిహేనో నంబరు ఐదో అంతస్తులో మూల ఇల్లు. అందులో లియోకాదియా ఒక్కతే ఉంటుంది. డెబ్బై దగ్గరపడ్డా నడుం వంగలేదు. చెత్త పారేయడానికైనా టోపీ పెట్టుకోకుండా కిందికి దిగదు. లిఫ్టు లేని ఐదంతస్తుల ఇంట్లో పైన ఉండేవాళ్లకి మోకాళ్లైనా పోతాయి, పొగరైనా పెరుగుతుంది. ఆవిడ మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి.

సంతకాలు వేడి మీటర్ల కోసం. అప్పటిదాకా మా ఊరు పానెవెజిస్‌లో ఇలాంటి ఇళ్లన్నిటికీ ఊరి చివర బాయిలర్ల నుంచి వేడినీళ్లు వచ్చేవి. నేల కింద వచ్చి, ఇంటి అడుగున చీలి, ఒక్కో ఇనప పైపులో నిలువునా పైకెక్కి, గోడలకి బిగించిన రేడియేటర్లన్నీ తిరిగి దిగిపోయేవి. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను. ఒకరి నెత్తిన ఒకరున్న ఈ అయిదిళ్లకీ ఒకటే పైపు. ఎవరెంత వేడి వాడుకున్నారో ఎవరికీ తెలియదు. జనవరిలో కిటికీ బార్లా తీసి సిగరెట్టు కాల్చేవాడూ, రెండు స్వెట్టర్లు తొడుక్కుని ముడుచుకునే ముసలమ్మా ఒక్కలాగే కట్టేవారు. ఇళ్ల సంఘానికి పెద్దగా ఎన్నికైన జితాకి ఇది నచ్చలేదు. ఆవిడ బళ్లో భూగోళం చెబుతుంది, అందుకని భూగోళమంతా తను సరిచెయ్యాలనుకుంటుంది. ఇంటింటికీ ఒక మీటరు పెట్టిస్తానంది. కొత్త పైపులు మెట్లదారి వెంట వస్తాయి, ఎవరి మీటరు వాళ్ల గుమ్మం పక్క అల్మారాలో ఉంటుంది, ఎవరి వేడి వాళ్లది. పాత పైపులు కోసి పారేస్తారు.

అక్కడే వచ్చింది చిక్కు. పైపు అయిదిళ్లకీ ఒకటే కదా. పై ఇంట్లో కొయ్యనివ్వకపోతే కింద నాలుగిళ్లలో పని ఆగిపోతుంది.

లియోకాదియా ఎందుకు కొయ్యనివ్వదో మెట్లదారిలో తలా ఒక మాట చెప్పారు. పిసినారి అన్నారు. మొండిది అన్నారు. మొగుడు వదిలేసినప్పటి నుంచీ తల అదోలా ఉందని మొదటి అంతస్తులో ఒకావిడ అంది, ఆవిడ మొగుడు వదలకపోయినా ఆవిడ తల ఎలా ఉందో మాకందరికీ తెలుసు. లియోకాదియా మాత్రం, నా గోడలు నాకు బాగానే ఉన్నాయి, అని తలుపు వేసుకునేది.

అసలు సంగతి ఆ పైపులో ఉంది.

ఆవిడ కుపిష్కిస్ వైపు పల్లెటూరి పిల్ల. పంతొమ్మిదేళ్లకి నార మిల్లులో పనికొచ్చింది. మగ్గాల షెడ్డులో రొదకి పక్కమనిషి మాట వినపడదు. ఆడవాళ్లంతా పెదాలు చూసి మాట్లాడుకునేవారు. కానీ ఆ రొదలోనే ఏ మగ్గం శ్రుతి తప్పిందో, ఏ దారం తెగబోతోందో చెవితో పట్టాలి. ఆవిడ పట్టేది. మిల్లువాళ్లే ఈ ఇల్లిచ్చారు. మొగుడు హెన్రికస్ చేపల ఓడలో పనికని క్లైపెడా రేవుకి వెళ్లి రెండోసారి తిరిగి రాలేదు. మునిగిపోయి ఉంటే నల్లబట్టలు కట్టుకుని గౌరవంగా ఏడ్చేది. మునగలేదు. రేవులో ఇంకొకావిడ దగ్గర పొడిగానే ఉన్నాడు.

అది జరిగిన మూడేళ్లకి, అక్టోబరులో, బాయిలర్లు వెలిగించినా ఆ పైపు వరుసంతా చల్లగా ఉండిపోయింది. నాలుగో అంతస్తు, పన్నెండో నంబరు ఫెలిక్సస్ పైకొచ్చి తలుపు కొట్టాడు. సిటీ బస్సు డ్రైవరు. చెప్పులు గుమ్మంలో విడిచి మేజోళ్లతో లోపలికొచ్చి, కిటికీ పక్క రేడియేటరు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైపులో గాలంతా మీ ఇంట్లో చేరుతుంది, మీరు వదిలితేగానీ కింద మాకెవరికీ వెచ్చదనం రాదు, అన్నాడు. జేబులోంచి చిన్న ఇత్తడి పానా తీసి తిప్పాడు. రేడియేటరు బుసకొట్టింది, తుమ్మింది, నల్లటి నీళ్లు కక్కింది. వాటిని ఆవిడ టీ కప్పులోనే పట్టాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని పైపు మీద పెట్టి, పక్కన తన చెయ్యి పెట్టాడు.

“ఆగండి. వస్తోంది.”

ఇనుము చల్లగా ఉంది, ఇంకా చల్లగా ఉంది, తర్వాత చల్లగా లేదు. వేడి కింది నుంచి ఎక్కి రెండు చేతుల కిందా ఒకేసారి నిండింది. అతని దగ్గర డీజిలు వాసన, సోయకూర వాసన. పానా ఆవిడకే ఇచ్చేశాడు. చల్లబడితే కింద నుంచి పైపు మీద మూడు దెబ్బలు కొడతానని, అప్పుడు గాలి వదలమని చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. రావాల్సిన పని పడలేదు. ఏటా అక్టోబరులో మూడు దెబ్బలు వినిపించేవి, ఆవిడ గాలి వదిలేది, అయిందని రెండు దెబ్బలు కొట్టేది.

తర్వాత ఆ చెడ్డ చలికాలం వచ్చింది. పరాయి పాలన పోయి దేశం కొత్తగా మనదయింది, బాయిలర్లలో పోయడానికి నూనె మాత్రం లేదు. ఇళ్లలో టోపీలతో పడుకున్నాం. ఒకరోజు మసక పడే వేళ, నాలుగు గంటలకి, పైపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. మూడు కాదు, రెండు. లియోకాదియా కెటిల్ దించి నిలబడింది. గాలి సంగతి కాదు. వేడే లేని రోజుల్లో గాలి ఎవరిక్కావాలి. ఉన్నారా అన్నట్టు రెండు దెబ్బలు. ఆవిడ పానా తీసి తనూ రెండు కొట్టింది. మర్నాడూ వచ్చాయి, ఆ మర్నాడూ వచ్చాయి. ఇరవై ఏడేళ్లు వచ్చాయి.

కొట్టేది ఎవరో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. అతని డ్యూటీ మూడున్నరకి అయ్యేది. ఎడమకాలు కాస్త గట్టిగా వేస్తూ మెట్లెక్కే నడక ఆవిడకి తెలుసు. ఆ నడక నాలుగో అంతస్తులో ఆగేది, తాళం తిరిగేది, చప్పుడు వచ్చేది. కొన్నిరోజులు నడక వినపడకముందే చప్పుడు వచ్చేసేది. ఇవాళ నడక వినలేకపోయానే అనుకునేది. మగ్గాల రొదలో తెగబోయే దారాన్ని పట్టిన చెవి అది.

అతనికి భార్య ఉంది. అపోలోనియా అని, బడి వంటగదిలో పనిచేసే బొద్దుమనిషి, నవ్వుమొహం. పన్నెండేళ్ల కింద మంచు మీద జారి తుంటి విరిగింది. కట్టు కట్టిన డాక్టరు నడవచ్చన్నాడు గానీ నాలుగంతస్తులు దిగి ఎక్కమని చెప్పలేకపోయాడు. అప్పటి నుంచి కిటికీ పక్క మంచమే ఆవిడ ఊరు. లియోకాదియా ఏటా క్రిస్మస్‌కి ఎండు పుట్టగొడుగుల దండ వాళ్ల తలుపు పిడికి తగిలించి, బెల్లు కొట్టకుండా వచ్చేసేది. లోపలికి వెళ్లి ఆవిడ మొహం చూడలేదు. తప్పేమీ చెయ్యలేదు. చెయ్యలేదని ఎంత బాగా తెలుసో, చేసినట్టూ అంత బాగా తెలుసు. మెట్ల మీద ఫెలిక్సస్ ఎదురైతే ఇద్దరూ మంచు గురించి ఒక మాట అనుకుని తప్పుకునేవారు. నాలుగు గంటలకి ముందు మాత్రం ఆవిడ ఉతికిన జాకెట్టు తొడుక్కుని, తల దువ్వుకుని, రేడియేటరు పక్క కుర్చీలో కూర్చునేది. చూసేవాళ్లు లేని ముస్తాబు. అలాంటిదే ఎక్కువకాలం నిలుస్తుంది.

పైపు కొయ్యనివ్వకపోవడానికి కారణం ఇది. ఇది జితాకి చెప్పేది కాదు.

జూన్ మొదట్లో జితా ఫైలు చంకన పెట్టుకుని పైకొచ్చింది. లియోకాదియా కూర్చోమంది, టీ పోసింది, నల్ల రొట్టె మీద పెరుగుముద్ద రాసి పెట్టింది. ఇష్టం లేనివాళ్లకి తక్కువ పెట్టే అలవాటు ఆవిడకి లేదు.

“పిన్నీ, ఆ పైపుకి నలభై ఏళ్లు దాటాయి. ఏ చలికాలమో పగిలిందంటే అయిదిళ్లూ ఈతకొలనులే” అంది జితా.

“నాకు ఈత రాదు. ఆ వంకనైనా నేర్చుకుంటాను.”

“మీరు నవ్వుతారు. మూల ఇల్లు, పైన కప్పు, మీకే అందరికంటే చలి. మీటరు వస్తే మీకు కావాల్సినంత తిప్పుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.”

“ఇప్పుడు మాత్రం ఎవరిని అడుగుతున్నాను.”

జితా నిట్టూర్చి ఫైలు విప్పి, తలుపు నుంచి ఊడదీసి తెచ్చిన కాగితం తీసింది. చదువుకున్నవాళ్లకి చివరి ఆయుధం కాగితమే. “కింద ఫెలిక్సస్ మామయ్యకి ఇంత చెప్పక్కర్లేకపోయింది. మొట్టమొదటి సంతకం ఆయనదే, చూడండి.”

లియోకాదియా ఆ రెండు నెలలూ తలుపు మీది కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు చూసింది. పన్నెండో నంబరు. ఏప్రిల్ రెండో తారీకు. సంతకం కింద గట్టిగా గీసిన గీత.

“పైపు కోసేస్తారని ఆయనకి చెప్పావా?”

“చెప్పకుండానా. ఎంత త్వరగా కోస్తే అంత మంచిదన్నారు.”

ఆవిడ టీ కప్పు పక్కకి జరిపింది. తర్వాత కలం ఇమ్మంది. కలం కోసం జితా సంచీ అంతా వెతుక్కోవలసి వచ్చింది, ఇంత త్వరగా పని అవుతుందనుకోలేదు పాపం. లియోకాదియా పెట్టిన సంతకం అందరికంటే పెద్దది. కింద గీత అతను గీసినదానికంటే పొడుగ్గా గీసింది.

ఆ సాయంత్రం నాలుగింటికి పైపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆవిడ బదులివ్వలేదు. కాసేపాగి మళ్లీ రెండు. కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కోసుకోమని సంతకం పెట్టినవాడు మళ్లీ తట్టడమెందుకని ఒళ్లు మండింది. నాలుగో రోజు ఒకసారి కొట్టి, ఆగి, మళ్లీ కొట్టి, ఆగి, మూడోసారి కొట్టడం విని పానా తీసుకుంది. కోపం ఎక్కడికీ పోలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

ఆగస్టులో పనివాళ్లు వచ్చారు. కింద మూడో నంబరు నుంచి మొదలుపెట్టారు. రేపు పై రెండిళ్ల వంతు అన్నరోజు లియోకాదియా జీవితంలో మొదటిసారి నాలుగు కాకముందే, కింద నుంచి చప్పుడు రాకముందే, తనే కొట్టింది. రెండు. కింద చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చప్పుడు వచ్చింది. మూడు.

మూడంటే చల్లగా ఉందని. గాలి వదలమని. ఆగస్టులో, ఇళ్లు ఎండకి కాగుతున్నప్పుడు చల్లగా ఉండడమేమిటో ఆవిడకి అర్థం కాలేదు. మళ్లీ రెండు కొట్టింది. మళ్లీ మూడే వచ్చాయి.

మర్నాడు వచ్చిన ఫిట్టరు పేరు రీమస్. నలభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. రేడియేటరు చుట్టూ పాత దుప్పట్లు పరిచి, కోత యంత్రం పెట్టాడు. నిప్పురవ్వలు ఎగిరాయి, ఇల్లంతా కాలిన రంగు వాసన. పైపు రెండు ముక్కలై బరువుగా వచ్చేసింది. అది ఉన్నచోట, నేలలో, పిడికిలంత గుండ్రటి కన్నం మిగిలింది. సిమెంటు కలిపి తెస్తానని రీమస్ మెట్లదారిలోకి వెళ్లగానే ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని కన్నంలోకి వంగింది. ఇరవై ఏడేళ్లుగా చప్పుడు వచ్చిన దారి. కింద ఒక నీలం దుప్పటి అంచు కనపడింది. కిటికీ చెక్క కొసన ఒక పాత సూపు చెంచా. ఇంకేమీ లేదు. ఎవరో దగ్గారు. ఆ దగ్గు అతనిదో కాదో తెలిసేలోపు వెనక నుంచి రీమస్ వచ్చి, ఏమైనా పడిపోయిందా అమ్మా అని అడిగాడు.

“ఏమీ పడలేదు. ఒక్క నిమిషం ఆగు.”

అతను బక్కెట్టు పట్టుకుని ఆగాడు. నిమిషం అయ్యాక ఆవిడ లేచి చీపురు అందుకుంది, అతను కన్నం పూడ్చాడు.

గుమ్మం పక్క అల్మారాలో మీటరు బిగిస్తున్నంతసేపూ ఆవిడ చేతులు కట్టుకుని చూసింది. అరచేతిలో పట్టే బుడ్డి డబ్బా, దానికి చిన్న కిటికీ, అందులో అంకెలు. రెండు సన్నటి తీగలు. వెళ్లే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఒక తీగ చెబుతుందట. తిరిగొచ్చే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో రెండోది చెబుతుందట. ఎన్ని నీళ్లు తిరిగాయో డబ్బా లెక్కపెడుతుందట.

“తేడా ఎంతో చూసి, మీరు ఎంత వేడి వాడుకున్నారో చెప్పేస్తుంది” అన్నాడు రీమస్.

“అంటే ఇంట్లో ఎంత మిగిలిందో చెబుతుంది.”

“అలాగే అనుకోండి.”

“మిగలనిది?”

“మిగలనిది తిరిగి వెళ్లిపోతుందమ్మా. దానితో దీనికి పని లేదు” అని సీలు వేసేశాడు.

పాత రేడియేటరు దూడంత ఉండేది. కొత్తది తెల్ల రేకు పెట్టె. దాని పైపులు ప్లాస్టిక్కువి, గోడ అంచున పలకల వెనక దాక్కున్నాయి. గోరుతో మీటితే చిటికెడు చప్పుడు కూడా రాదు. ఆ సాయంత్రం నాలుగింటికి ఆవిడ ఉతికిన జాకెట్టు తొడుక్కునే కూర్చుంది. అలవాటు. కింద నుంచి ఏమీ రాలేదు. రాదని తెలిసి కూర్చున్న మనిషికి ఏమీ రాకపోవడం అంత గట్టిగా వినిపించకూడదు. వినిపించింది.

అక్టోబరు పదిహేనుకి బాయిలర్లు వెలిగించారు. మా మెట్లదారి జనం అల్మారా తలుపులు తీసి అంకెలు చూసుకోవడమే పనిగా పెట్టుకున్నారు. నాది ఇంత, నీది ఎంత అని గుమ్మాల్లో ఒకటే ముచ్చట్లు. కిటికీ తీసి సిగరెట్టు కాల్చేవాడు వారంలో మానేశాడు. పెళ్లాం పదేళ్లు చెప్పి మాన్పించలేనిది డబ్బా మాన్పించింది.

పదిహేనో నంబరు మీటరులో సున్నా ఉంది. నవంబరు మొదట్లో పోయినవాళ్ల పండగకి సమాధుల దగ్గర దీపాలు పెట్టి వచ్చినరోజూ సున్నా. ఆ తర్వాతి వారమూ సున్నా.

జితా మీటరు చెడిపోయిందనుకుని రీమస్‌ని పిలిపించింది. అతను తీగలు చూశాడు, సీలు చూశాడు, ఏదో చిన్న యంత్రం తగిలించి చూశాడు. లోపలికొచ్చి రేడియేటరు కుళాయి చూశాడు. బిగించి ఉంది. లియోకాదియా కోటు, టోపీ వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కిటికీ మీద ఆరబెట్టిన ఆపిల్ ముక్కల దండకి బూజు పట్టింది.

“మీటరుకి జబ్బేమీ లేదు” అన్నాడు జితాతో.

“నాకూ లేదు. చలి లేదు, అందుకే తిప్పలేదు. ఎవరినీ అడగక్కర్లేదని నువ్వే కదా అన్నావు” అంది ఆవిడ. మాటతోపాటు నోట్లోంచి పొగలా ఆవిరి వచ్చింది. జితా ఫైలు చంకన పెట్టుకుని కిందికి దిగిపోయింది.

మొదటి మంచు పడినరోజు, మూడున్నర దాటాక, మెట్ల మీద నడక వినిపించింది. ఎడమకాలు గట్టిగా. ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్లయినా ఆ కాలు అలాగే పడుతుంది. రెండో అంతస్తు. మూడో అంతస్తు. నాలుగో అంతస్తు దగ్గర ఆగాలి. ఆగలేదు. ఇంకా ఎక్కుతోంది.

లియోకాదియా లేచి కోటు విప్పి పరుపు కింద కుక్కింది. టోపీ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక రొట్టెల డబ్బాలో పెట్టింది. చేత్తోనే తల సర్దుకుంది. తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

గడపకి ఇటొకరు అటొకరు నిలబడి మాట్లాడుకోవడం మంచిది కాదని ఫెలిక్సస్ లోపలికి వచ్చేదాకా ఏమీ అనలేదు. బూట్లు విడిచాడు. ముసలివాడైపోయాడు, మేజోడు మడమ దగ్గర కుట్టు పడింది. ఎవరు కుట్టారో గానీ వంకరగా కుట్టారు. మంచంలో పడుకుని కుడితే అలాగే వస్తుంది.

“చలిగా ఉందండీ ఇక్కడ” అన్నాడు.

“నాకు సరిపోతుంది.”

“మీకు సరిపోతుందేమో. మా నెత్తిన మాత్రం మీ నేల ఐసుగడ్డలా ఉంది. మీరు తిప్పకపోతే మేం ఎంత తిప్పినా వేడి మీ ఇంట్లోకే ఎక్కిపోతోంది. మా మీటరు నా బస్సుకంటే జోరుగా పోతోంది.”

ఈ మాటకోసమా ఇన్ని మెట్లెక్కాడు అనుకుంది ఆవిడ. మొహం ఎలా పెట్టాలో తెలియక బూజు పట్టిన ఆపిల్ దండ తీసి చేతిలో పట్టుకుంది.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు, టోపీ చేతుల్లో తిప్పుతూ. “అదొక్కటే అయితే జితాని పంపేవాణ్ణి. అపోలోనియా ఏడుస్తోంది.”

“ఎందుకు?”

“మీరు పోయారనుకుంటోంది. పైన మీటరు తిరగడం లేదని ఎవరో చెప్పారు, అప్పటి నుంచీ మరీను. రోజూ నాలుగింటికి చెంచా తీసి కొత్త రేడియేటరు మీద కొడుతుంది. రేకు పెట్టె, టప్‌మంటుంది, అంతే. పైపు లేదే, చప్పుడు పోదే అంటే వినదు. ఇరవై ఏడేళ్లూ బదులిచ్చింది, ఇప్పుడు ఇవ్వడం లేదంటే లేనట్టే అంటుంది.” టోపీ తిప్పడం ఆపాడు. “నాకీ సంగతి ఇప్పుడే తెలిసింది. నేను రోడ్డు మీద ఉండేవాణ్ణి. ఇంటికొచ్చాక ఏ చప్పుళ్లూ వినే ఓపిక ఉండేది కాదు. ఉద్యోగం మానేశాక విన్నా, మంచంలో తోచక చెంచా ఆడిస్తోందనుకున్నాను.”

లియోకాదియా చేతిలో దండ ఉంది. ఒక్కో ఆపిల్ ముక్కనీ వేలితో తడుముతూ లెక్కపెట్టింది. నడక వినపడకముందే వచ్చిన చప్పుళ్లు. కిటికీ చెక్క మీది చెంచా. జూన్‌లో మూడు రోజులు బదులివ్వకపోతే ఆగి ఆగి కొట్టిన ఓపిక. బస్సు నడిపిన మగవాడికి అంత ఓపిక ఎక్కడిదని ఒక్కసారైనా అనుకుందా. అనుకుంది. అనుకుని, అందుకే ఇంకా ఇష్టపడింది.

“మొదటి సంతకం మీరే పెట్టారు కదా” అంది చివరికి.

“ఆవిడకి ఎముకల్లో చలి. ఆ పైపు సగం రోజులు గోరువెచ్చన. కొత్తదొస్తే వెచ్చగా పడుకుంటుందనుకున్నాను. ఆ పైపుతో ఆవిడకి వేరే పనుందని నాకెవరు చెప్పారు.”

అడక్కుండానే అతను రేడియేటరు దగ్గరికి వెళ్లాడు. గోడ పట్టుకుని, మూలిగి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుళాయి తిప్పాడు. లోపల నీళ్లు సన్నగా కదిలాయి. తెల్ల రేకు మీద అరచెయ్యి ఆనించి, తల పక్కకి వంచి ఆగాడు, చాలా ఏళ్ల కింద ఆగినట్టే.

“వస్తోంది” అన్నాడు.

పక్కన ఇంకో చెయ్యి పట్టేంత చోటుంది. ఆవిడ చేతులు దండ పట్టుకునే ఉన్నాయి. అతను లేచి, టోపీ పెట్టుకుని, ఒకసారి కిందికి రండి, కళ్లతో చూస్తేగానీ నమ్మదు, అన్నాడు. వస్తాను, మీరు వెళ్లండి, అంది ఆవిడ.

అతను వెళ్లాక ఆవిడ ఏడ్చిందో లేదో మనకి అనవసరం. ఉతికిన జాకెట్టు తొడుక్కుంది. మెడ దగ్గర అంబరు పిన్ను పెట్టుకుంది. రొట్టెల డబ్బాలోంచి టోపీ తీసి, ఒక అంతస్తుకి టోపీ ఎందుకని మళ్లీ పెట్టేసింది. ఎండు పుట్టగొడుగుల దండ ఒకటి తీసుకుని తలుపు వేసింది. అల్మారాలో మీటరు చూడలేదు. మర్నాడు జితా చూసి, కదిలింది కదిలింది అని మెట్లదారంతా చాటింది.

పన్నెండో నంబరు గదిలో నీలం దుప్పటి, కిటికీ చెక్క మీద చెంచా. చెంచా వెనకవైపు సొట్టలు పడి నాణెంలా చదునుగా అయిపోయింది. అపోలోనియా దిండ్లకి ఆనుకుని ఉంది. బొద్దుతనమంతా కరిగిపోయి కళ్లు మాత్రమే మిగిలాయి. లియోకాదియాని కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా చూసింది.

“చావలేదన్నమాట.”

“తీరిక దొరకలేదు.”

“కూర్చో అమ్మా. ఆ కుర్చీ నీ కోసమే అక్కడుంది. దాని మీద బట్టలు పడేయకని ఆయన్ని ఇన్నేళ్లూ తిడుతూనే ఉన్నాను.”

కూర్చుంది. వంటింటి గుమ్మంలోంచి ఫెలిక్సస్ వీపు కనపడుతోంది, బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. అపోలోనియా పుట్టగొడుగుల దండ వాసన చూసి, గుమ్మానికి తగిలించి దొంగలా పారిపోయే మనిషివి నువ్వేనని ఎప్పుడూ తెలుసంది. పైపు కోసేస్తారని మాత్రం పనివాళ్లు కింద రెండిళ్లు కోసేదాకా తెలియదట. ఆరోజు నువ్వే ముందు కొట్టావు, నేను మూడు కొట్టాను, అంది. చల్లగా ఉంది, రమ్మని. నువ్వేమో మళ్లీ రెండు కొట్టి ఊరుకున్నావు.

“ఆగస్టులో చలేంటి అనుకున్నాను” అంది లియోకాదియా.

అపోలోనియా ఆవిడ జాకెట్టు వైపు, అంబరు పిన్ను వైపు చూసింది. ఎంతసేపు చూడాలో అంతకంటే కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

“ఇన్నేళ్లూ కొట్టేది ఎవరనుకున్నావు?”

వంటింట్లో కత్తి ఆగలేదు. తొక్క పొడుగ్గా బక్కెట్లోకి పడింది.

“నువ్వేనని తెలుసు” అంది లియోకాదియా.

“తెలుసు కదా” అంది అపోలోనియా, దుప్పటి సర్దుకుంటూ.

అప్పటి నుంచి రోజూ నాలుగు కాకముందే ఆవిడ కిందికి దిగుతుంది. ఉతికిన జాకెట్టుతోనే. అపోలోనియా బడి వంటగది కబుర్లు చెబుతుంది, ఆవిడ మిల్లు కబుర్లు చెబుతుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారో ఇంకా తేలలేదు. ఫెలిక్సస్ దుంపలు ఉడకేసి, సోయకూర తరిగి, ముగ్గురికీ పెడతాడు. మంచు గురించి తప్ప పెద్దగా మాట్లాడడు. మాట్లాడే మనిషి అని ఆవిడ ఎందుకనుకుందో.

ఒకరోజు, మసక పడే వేళ, కబుర్ల మధ్యలో అపోలోనియా చెయ్యి దానంతటదే చెంచా తీసుకుంది. రేడియేటరు మీద రెండుసార్లు కొట్టింది. టప్, టప్. అలవాటుగా తలెత్తి కప్పు వైపు చూసింది. లియోకాదియా కూడా చూసింది. కప్పుకి అవతల ఆవిడ నేల, నేల మీద పూడ్చిన కన్నం, దాని పక్కన ఖాళీ కుర్చీ. ఆ కుర్చీలో ఇన్నేళ్లూ ఉతికిన జాకెట్టు వేసుకుని, ఒక నడక కోసం చెవి నిక్కించి కూర్చున్న మనిషి ఇప్పుడు బదులిస్తుందేమోనని, లియోకాదియా నిజంగానే ఆగి విన్నది.

వంటింట్లోంచి ఫెలిక్సస్ గొంతు వచ్చింది. “లియోకాదియా గారూ, పైన వెచ్చగా ఉంటోందా?”

ఇరవై ఏడేళ్లు ఆ పైపులోంచి వస్తుందనుకున్న మాట అంతే ఉంటుంది. అంతకంటే పొడుగ్గా ఆవిడ ఎప్పుడూ ఊహించుకోలేదు.

“ఉంటోంది” అంది, ఇంకా కప్పు వైపే చూస్తూ.